రోజూ వేలికి ఉండే పెళ్లి ఉంగరం: కొలత దగ్గర్నుంచి మెరుగు దాకా

నిశ్చితార్థం ముహూర్తం కుదరగానే ఇంట్లో అందరూ అడిగేది "ఎంతలో తీసుకుందాం?" అని. దానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: పెళ్లికూతురు ఆ చేత్తో రోజంతా ఏం పని చేస్తుంది? హారాలు, వంకీలు, వడ్డాణం లాకర్‌లో ఉంటాయి, ఎవరింట్లోనైనా పెళ్లి వస్తే బయటికొస్తాయి. ఉంగరం మాత్రం గిన్నెల దగ్గర, కీబోర్డు మీద, స్కూటీ హ్యాండిల్ మీద, పిల్లాడి స్నానంలో, అన్నిచోట్లా ఉంటుంది. అందుకే ఇక్కడ రాసిందంతా రోజూ పెట్టుకునే ఉంగరం గురించే. ఫొటోల కోసం కొనే పెద్ద ఉంగరాల లెక్క వేరు.

వరసగా చదివితే మంచిది. కొలత తేలకుండా డిజైన్ చూడటం, బిల్లు అర్థం కాకుండా బేరమాడటం, ఈ రెండిటివల్లే ఎక్కువమంది ఇబ్బంది పడుతున్నారు.

1. షాపుకి బయల్దేరే ముందు

ముహూర్తానికి కనీసం నెల ముందు మొదలుపెట్టండి. రెడీమేడ్ ఉంగరం అదే రోజు దొరుకుతుంది, నిజమే, కానీ కొలత మార్చాలన్నా, లోపలివైపు పేర్లు చెక్కించాలన్నా, నచ్చిన డిజైన్ ఇంకో సైజులో చేయించాలన్నా టైం పడుతుంది. మాఘం, వైశాఖం, శ్రావణం లాంటి పెళ్లిళ్ల సీజన్లో పనివాళ్లు ఊపిరాడనంత బిజీగా ఉంటారు, హడావుడిలో చేసిన అతుకులే తర్వాత ఊడతాయి.

ఇంట్లోనే తేల్చుకోవాల్సినవి ఇవి:

- ఏ చేతికి? కుడి చేయి అయితే అది అన్నం కలిపే చేయి. పప్పు, నెయ్యి, పచ్చడి రోజుకి రెండుసార్లు రాళ్ల సందుల్లోకి పోతాయి. కుడిచేతికే పెట్టుకుంటానంటే రాళ్లు లేనిదో, నున్నటి అంచున్నదో చూసుకోండి.
- ఏ పని? డాక్టర్లు, నర్సులు, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు రోజంతా గ్లోవ్స్ వేసుకుంటారు. ఎత్తుగా ఉన్న రాయి గ్లోవ్‌ని చింపుతుంది. చిన్నపిల్లలున్నవాళ్లకి కూడా అంతే, రాయి పిల్లల ఒంటికి గీసుకుంటుంది.
- లోహం రంగు? మంగళసూత్రం, గాజులు పసుపు బంగారమైతే పక్కన వైట్ గోల్డ్ కొంతమందికి నచ్చుతుంది, కొంతమందికి అస్సలు నచ్చదు. పెట్టుకునే అమ్మాయినే అడగండి, అత్తగారిని కాదు.
- పాత బంగారం ఇస్తున్నారా? అయితే ఇంట్లోనే ఒకసారి తూచి, ఫొటో తీసుకుని వెళ్లండి.

2. వేలి కొలత: అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా ఓపిగ్గా

వేలు రోజంతా ఒకే సైజులో ఉండదు. పొద్దున్నే, చలికాలంలో కాస్త సన్నగా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక, ఉప్పు ఎక్కువ తిన్నరోజు, మే నెల ఎండలో ఉబ్బుతుంది. మన హైదరాబాద్‌లో డిసెంబర్ పొద్దుటికీ మే సాయంత్రానికీ తేడా బాగానే తెలుస్తుంది. కాబట్టి మధ్యాహ్నం తర్వాత, చేతులు మామూలు వేడిలో ఉన్నప్పుడు కొలవండి. ఏసీ షోరూంలోకి అడుగుపెట్టిన వెంటనే కొలత ఇవ్వకండి, కాసేపు కూర్చోండి.

ఇంట్లో కొలవాలంటే:

1. సన్నటి పేపర్ స్ట్రిప్ తీసుకుని వేలి మొదట్లో చుట్టండి. దారం వద్దు, సాగుతుంది.
2. రెండు కొసలు కలిసేచోట పెన్నుతో గుర్తు పెట్టి, స్కేలు మీద మిల్లీమీటర్లలో కొలవండి.
3. వచ్చిన అంకెలోంచి 40 తీసేస్తే మన షాపుల్లో వాడే సైజుకి దగ్గరగా వస్తుంది. చుట్టుకొలత 52 అయితే సైజు 12.
4. వేలి కణుపు దగ్గర కూడా కొలవండి. కణుపు లావుగా, మొదలు సన్నగా ఉంటే రెండిటికీ మధ్య సైజు తీసుకోవాలి.

ఇది అంచనా మాత్రమే. షాపులో కొలత ఉంగరాల గుత్తితో మళ్లీ చూడాల్సిందే. కణుపు దగ్గర కొంచెం పట్టి దాటాలి, దాటాక వేలి మీద తేలిగ్గా తిరగాలి, చేయి కిందికి విదిలిస్తే జారకూడదు. కొలత ఉంగరం పెట్టుకుని ఐదు నిమిషాలు పిడికిలి బిగించి, విప్పి చూడండి.

గుత్తిలో ఉండేవి సన్నటి రింగులు. మీరు కొనేది 6 మిల్లీమీటర్ల కన్నా వెడల్పైతే సాధారణంగా ఒక సైజు పెద్దది కావాలి, ఎందుకంటే వెడల్పు పట్టీ ఎక్కువ చర్మాన్ని నొక్కుతుంది. సేల్స్‌లో ఉన్నవాళ్లు ఈ మాట చెప్పడం తక్కువ.

అమ్మాయికి తెలియకుండా సర్‌ప్రైజ్ ఇద్దామనుకునే పెళ్లికొడుకులకి: ఆమె అదే చేతి అదే వేలికి పెట్టుకునే ఉంగరం ఒకటి సంపాదించి లోపలి వ్యాసం కొలవండి, దాన్ని 3.14తో హెచ్చించి 40 తీసేయండి. 16.5 మిల్లీమీటర్లయితే దాదాపు 12 సైజు. కుడిచేతి ఉంగరం చూసి ఎడమచేతికి కొనకండి. ఎక్కువ పనిచేసే చేతి వేళ్లు సాధారణంగా కాస్త లావుగా ఉంటాయి.

3. ఎన్ని క్యారెట్లు?

బంగారం స్వచ్ఛతని క్యారెట్లలో చెబుతారు. 24 క్యారెట్ అంటే స్వచ్ఛమైనది, కానీ ఉంగరానికి పనికిరాదు, మెత్తన. 22 క్యారెట్ అంటే 91.6 శాతం బంగారం, అందుకే 916. 18 క్యారెట్ 75 శాతం, 14 క్యారెట్ 58.5 శాతం. మిగతాది వెండి, రాగి లాంటి లోహాలు, గట్టిదనం వాటివల్లే వస్తుంది.

నా సలహా సూటిగా: రాయి లేని పట్టీ అయితే 22 క్యారెట్, వజ్రం లేదా రాళ్లు పొదిగింది అయితే 18. 22 క్యారెట్‌లో రాళ్లను పట్టుకునే చిన్న గోళ్లు రోజువారీ వాడకానికి వంగిపోతాయి, రాయి ఎప్పుడు పడిపోయిందో కూడా తెలియదు. "22 అయితేనే బంగారం" అని పెద్దవాళ్లు పట్టుబడితే సాదా పట్టీకి వెళ్లండి, రాళ్ల ముచ్చట చెవికమ్మల్లో తీర్చుకోవచ్చు.

వైట్ గోల్డ్ మీద రోడియం అనే తెల్లటి లోహం పూత ఉంటుంది. రోజూ వాడితే అది అరిగి లోపలి పసుపు తేలుతుంది, మళ్లీ పూత వేయించుకుంటూ ఉండాలి. కొన్నిట్లో నికెల్ కలుపుతారు, చౌక చెవిరింగులు పెట్టుకుంటే దురద వచ్చేవాళ్లు నికెల్ లేనిదేనా అని అడిగి తీసుకోవాలి. రోజ్ గోల్డ్‌లో రాగి ఎక్కువ, గట్టిగానే ఉంటుంది.

ఇంకో మాట, "కేడీఎం" అని గర్వంగా చెప్పే షాపులు ఇంకా ఉన్నాయి. అది కాడ్మియంతో వేసిన టంకం, దాని పొగ పనివాళ్ల ఊపిరితిత్తులకి హాని చేస్తుంది. అది హాల్‌మార్క్ (స్వచ్ఛత పరీక్షించి వేసే అధికారిక ముద్ర) కాదు, దానికి సమానమూ కాదు.

4. డిజైన్ కన్నా కట్టుబడి చూడండి

ట్రేలో మెరుస్తున్నప్పుడు అన్నీ బాగుంటాయి. చేతిలోకి తీసుకుని తిప్పి, లోపలివైపు చూడండి. లోపల గుంటలుగా తవ్వి ఉంటే, లేదా సైజుకి మించి తేలిగ్గా ఉంటే అది డొల్ల ఉంగరం. తలుపు గడియకి ఒకసారి గట్టిగా తగిలితే సొట్ట పడుతుంది, సైజు మార్చడం కూడా కష్టమే.

ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. సైజు 12, వెడల్పు 3 మిల్లీమీటర్లు, మందం 1.5 మిల్లీమీటర్లు ఉన్న 22 క్యారెట్ గట్టి పట్టీ దాదాపు 4 నుంచి 4.5 గ్రాములు తూగుతుంది. చూడటానికి అంతే ఉండి రెండున్నర గ్రాములే తూగిందంటే ఎక్కడో మందం కొట్టేశారు. రోజూ వాడేదానికి మందం 1.5కి తగ్గకుండా చూసుకుంటే చాలు, వెడల్పు మీ ఇష్టం. తక్కువ బడ్జెట్ అయితే వెడల్పు తగ్గించండి, మందం తగ్గించకండి.

రాయి ఉంటే:

- రాయి వేలికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ఎత్తుగా లేచినవి చున్నీకి, పట్టుచీర జరీకి, జుట్టుకి తగులుకుంటాయి.
- రాయి చుట్టూ అంచు కట్టినవి రోజువారీకి అన్నిటికన్నా భద్రం. గోళ్లతో పట్టిందైతే నాలుగు కన్నా ఆరు మేలు.
- చెవి దగ్గర పెట్టుకుని ఉంగరాన్ని వేలితో తట్టండి. టిక్‌టిక్ అని శబ్దం వస్తే రాయి వదులుగా ఉన్నట్టు. కొత్త ఉంగరానికి కూడా ఈ పరీక్ష చేయండి.
- దూదితో పైన రుద్దండి. పోగు చిక్కుకుంటే అక్కడ గోరు లేచి ఉంది.

ఏ రాయి? వజ్రం, కెంపు, నీలం రోజూ వాడటానికి గట్టివే. కెంపుల్లో గాజు నింపినవి చాలా తిరుగుతున్నాయి, అవి నిమ్మరసానికి, యాసిడ్‌కి పాడవుతాయి, కాబట్టి సర్టిఫికెట్ అడగండి. పచ్చలకి మామూలుగా నూనె పట్టిస్తారు, వేడినీళ్లు పడవు. పగడం, ముత్యం మెత్తనివి. ముత్యాల ఊళ్లో ఉండి ఇలా అంటున్నానని తిట్టుకోకండి, పత్తర్‌గట్టీలో మంచి ముత్యాలు కొని దండ చేయించుకోండి, రోజూ గిన్నెలు తోమే వేలికి మాత్రం వద్దు. వెనక రేకు పెట్టి మూసేసిన కుందన్ పని కూడా అంతే, నీళ్లు లోపలికి పోతే రాయి నల్లబడుతుంది.

ల్యాబ్‌లో పెంచిన వజ్రం నిజమైన వజ్రమే, ధర చాలా తక్కువ, కానీ తిరిగి అమ్మితే వచ్చేది కూడా తక్కువే. పెట్టుకోవడానికి కొంటే తప్పులేదు, పెట్టుబడి అనుకుంటే వద్దు.

5. ఎక్కడ కొనాలి

దీని గురించి ఎక్కువ చెప్పను. సికింద్రాబాద్ పాట్ మార్కెట్, జనరల్ బజార్, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ వైపు తరతరాల షాపులున్నాయి. చేయించుకోవడానికి, బేరానికి అవి బాగుంటాయి. సోమాజిగూడ, పంజాగుట్ట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ షోరూముల్లో డిజైన్లు ఎక్కువ, రేటు బోర్డు ఎదురుగా ఉంటుంది, తరుగు (తయారీలో పోయే బంగారం పేరుతో బరువు మీద వేసే శాతం) కూడా ఎక్కువే ఉండొచ్చు. ఏదైనా సరే, కనీసం రెండు చోట్ల ఒకే బరువు ఉంగరానికి చివరి ధర రాయించుకుని పోల్చండి. శని, ఆదివారాలు, అక్షయ తృతీయ రోజు వెళ్తే ఎవరూ ఓపిగ్గా చెప్పరు.

నగల షాపులో నెలనెలా కట్టే స్కీమ్ డబ్బులు వాడుతుంటే ఒక విషయం ముందే అడగండి: తరుగు మాఫీ ఎంత శాతం దాకా? చాలా స్కీముల్లో దానికి పరిమితి ఉంటుంది, మీకు నచ్చిన ఉంగరం దానికన్నా ఎక్కువ తరుగున్న ట్రేలో ఉంటుంది.

6. హాల్‌మార్క్ మీ కళ్లతో చూడండి

ఉంగరం లోపలివైపు మూడు గుర్తులు ఉండాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) త్రికోణం గుర్తు, 22కే916 లేదా 18కే750 లాంటి స్వచ్ఛత అంకె, అక్షరాలు అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకి విడిగా ఇచ్చే నంబర్. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ ఆరు స్థానాల నంబర్ లేకుండా షాపులు హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. గుర్తులు చాలా చిన్నవి, కంటికి కనిపించవు. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం షాపులో ఉండాలి, అడగండి, మొహమాటం అక్కర్లేదు.

తర్వాత ఇలా చేయండి:

1. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకోండి.
2. అందులో హెచ్‌యూఐడీ వెరిఫై చేసే చోట నంబర్ కొట్టండి.
3. వచ్చిన వివరాల్లో వస్తువు రకం, స్వచ్ఛత, హాల్‌మార్క్ వేసిన కేంద్రం, తేదీ చూడండి. చేతిలో ఉంగరం ఉండి యాప్‌లో "నెక్లెస్" అని వస్తే అక్కడితో లేచి వచ్చేయండి.

రెండు గ్రాముల లోపు వస్తువులకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. తేలికపాటి ఉంగరాలు కొనేవాళ్లు ఇక్కడే మోసపోతారు. ఆ బరువులో కొంటున్నా హాల్‌మార్క్ వేసిందే అడగండి.

కొన్నాక అనుమానం వస్తే బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రానికి మీరే తీసుకెళ్లి రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. హాల్‌మార్క్‌లో ఉన్నదానికన్నా స్వచ్ఛత తక్కువ తేలితే, తగ్గిన విలువకి రెండింతలు, దాంతోపాటు పరీక్ష ఖర్చు అమ్మినవాళ్ల నుంచి పొందే హక్కు 2018 బీఐఎస్ నిబంధనల్లో ఉంది.

7. బిల్లు లెక్క: ఇక్కడ తొందరపడకండి

అసలు డబ్బు పోయేది ఇక్కడే. ఒక ఉదాహరణ చూద్దాం. 22 క్యారెట్ గ్రాము 10,000 అనుకోండి, లెక్క సులభంగా ఉండటానికే ఈ రేటు, ఆ రోజు రేటు మీరు చూసుకోండి. ఉంగరం మొత్తం బరువు 4.200 గ్రాములు. అందులో రాళ్ల బరువు 0.300. అంటే బంగారం నికర బరువు 3.900. తరుగు 14 శాతం అన్నారు.

- తరుగు: 3.900లో 14 శాతం, 0.546 గ్రాములు
- బంగారం విలువ: 4.446 గ్రాములు, 44,460 రూపాయలు
- రాళ్ల ధర: 1,500
- రెండూ కలిపి 45,960, దాని మీద 3 శాతం జీఎస్టీ 1,378.80
- హాల్‌మార్క్ రుసుము 45, దాని మీద 18 శాతం జీఎస్టీతో 53.10
- మొత్తం: 47,391.90

ఇప్పుడు రాళ్ల బరువు తీసేయకుండా 4.200 మీదే తరుగు వేశారనుకోండి. బంగారం విలువ 47,880 అవుతుంది, అంటే 3,420 ఎక్కువ. గాజు రాళ్లకి బంగారం రేటు కట్టి, మళ్లీ విడిగా రాళ్ల ధర కూడా కట్టినట్టు. అందుకే "నెట్ వెయిట్ ఎంత?" అన్నది మీ నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న కావాలి. రాళ్ల బరువు క్యారెట్లలో చెబితే ఒక క్యారెట్ 0.2 గ్రాములని గుర్తుంచుకోండి, ఈ క్యారెట్ బరువుది, బంగారం స్వచ్ఛతది కాదు.

"మజూరీ (పనికూలి) అస్సలు లేదండీ" అంటారు, తరుగులో కలిపేసి ఉంటారు. "తరుగు 5 శాతమే" అంటారు, మజూరీ గ్రాముకింత అని విడిగా వేస్తారు. రెండూ కలిపి బంగారం విలువలో ఎంత శాతమో అడగండి, బేరం ఆ ఒక్క అంకె మీదే ఆడండి. బంగారం రేటు తగ్గదు, తరుగు తగ్గుతుంది.

18 క్యారెట్ కొంటుంటే రేటు కూడా 18దే వేశారా చూడండి. 22 రేటు 10,000 ఉన్న రోజు 18 క్యారెట్ దాదాపు 8,190 ఉండాలి.

ఇంటి పాత బంగారం ఇచ్చి చేయించేవాళ్లు: రాళ్లు, మైనం తీసేసి తూచేది, కరిగించేది మీ ఎదురుగానే జరగాలి. కరిగించాక వచ్చిన ముద్ద బరువు, స్వచ్ఛత కాగితం మీద రాయించుకోండి. మీ బంగారంతోనే చేసిస్తే పనికూలి మీద జీఎస్టీ 5 శాతం. చేసిచ్చిన ఉంగరం హాల్‌మార్క్ కేంద్రానికి వెళ్లి రావాలి, అది ముందే మాట్లాడుకోండి.

బిల్లు చేతికి రాగానే చూడాల్సినవి:

- నికర బరువు, స్వచ్ఛత, హాల్‌మార్క్ రుసుము విడివిడిగా రాశారా
- రాళ్ల రకం, బరువు, ధర విడిగా ఉన్నాయా
- తిరిగి ఇస్తే ఎంత తగ్గిస్తారు, సైజు ఒకసారి ఉచితంగా మారుస్తారా అన్నది రాతలో ఉందా
- ఉంగరం మీది హెచ్‌యూఐడీ కూడా బిల్లు మీద రాయించుకున్నారా

"బిల్లు లేకుండా అయితే జీఎస్టీ మిగులుతుంది" అన్న మాట వినకండి. ఆ మూడు శాతం మిగిల్చుకుంటే, రేపు గొడవ వస్తే చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండదు.

8. పెళ్లి హడావుడిలో

మెహందీ పెట్టించుకునే ముందు తీసేయండి, ముద్ద రాళ్ల కింద ఎండిపోతే తీయడం కష్టం. తలంబ్రాల పసుపు బియ్యం, కుంకుమ బంగారానికి హాని చేయవు కానీ సందుల్లో చేరి రాయిని మసక చేస్తాయి, పెళ్లయిన రెండ్రోజుల్లో కడిగేయండి. బిందెలో ఉంగరం వెతికించే ఆటకి ఖరీదైన రాళ్ల ఉంగరం వేయకండి, సాదాది ఒకటి పక్కన పెట్టుకోండి. బిందెలో ఎవరి గోళ్లు ఎక్కడ గీరుకుంటాయో తెలియదు, బావామరదళ్ల తోపులాటలో ఉంగరం జారిపోయినా ఎవరూ గమనించరు.

డబ్బా ఎవరి దగ్గరుంది అన్నది ఒక్క మనిషి బాధ్యత కావాలి. పెళ్లికూతురు బాధ్యత కాకూడదు.

9. ఎప్పుడు తీయాలి, ఎక్కడ పెట్టాలి

తీయాల్సిన సందర్భాలు:

- బాత్రూం కడిగేటప్పుడు, బ్లీచింగ్ పౌడర్ వాడేటప్పుడు. క్లోరిన్ బంగారంలోని మిగతా లోహాలను, టంకాన్ని తినేస్తుంది, 14, 18 క్యారెట్లకి ఇది ఇంకా ఎక్కువ.
- స్విమ్మింగ్ పూల్‌లో. అదే కారణం, పైగా చల్లటి నీళ్లలో వేలు సన్నబడి జారిపోతుంది.
- చపాతీ పిండి, గారెల పిండి కలిపేటప్పుడు, ఆవకాయ కలిపే రోజుల్లో.
- జిమ్‌లో బరువులెత్తేటప్పుడు, గేటు ఎక్కి దూకేటప్పుడు, మెషీన్ల దగ్గర. ఉంగరం ఎక్కడైనా తగులుకుంటే వేలి చర్మమే ఊడివస్తుంది, ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు.
- ఎంఆర్ఐ, ఆపరేషన్ ముందు.
- గర్భంతో ఉన్నప్పుడు వేళ్లు ఉబ్బడం మొదలవగానే. చివరి నెలలదాకా ఆగితే రాదు.

పాత గాజు థర్మామీటర్ పగిలితే ఉంగరంతో ముట్టుకోకండి. పాదరసం బంగారంలో కలిసిపోయి తెల్ల మచ్చ పడుతుంది. అలా అయితే ఇంట్లో వేడిచేసి పోగొట్టాలని చూడొద్దు, ఆ ఆవిరి విషం. ఉంగరాన్ని కవర్‌లో పెట్టి, పాదరసం తగిలిందని ముందే చెప్పి కంసాలికి ఇవ్వండి.

క్రీమ్, సన్‌స్క్రీన్, సెంటు అన్నీ అయ్యాక, చేతులు ఆరాక ఉంగరం పెట్టుకోండి. తీసినప్పుడు సింకు గట్టు మీద, సబ్బు పెట్టె పక్కన, పర్సు జేబులో పెట్టకండి. వంటింట్లో ఒకటి, బాత్రూం బయట ఒకటి, మూతున్న చిన్న డబ్బాలు శాశ్వతంగా పెట్టేయండి. ఎక్కువ ఉంగరాలు దొంగతనాల్లో కాదు, ఇలా ఇంట్లోనే పోతాయి.

దాచేటప్పుడు మెత్తటి గుడ్డలో విడిగా చుట్టండి. ఒకే డబ్బాలో వేస్తే వజ్రం పక్కనున్న బంగారాన్ని గీకుతుంది. ముత్యమున్నవి గాలాడని ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు.

10. ఇంట్లో శుభ్రం చేయడం

రెండు మూడు వారాలకోసారి చాలు.

1. ఒక గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేయండి. వాష్ బేసిన్‌లో నేరుగా చేయొద్దు.
2. ఉంగరం పది, పదిహేను నిమిషాలు నాననివ్వండి.
3. పిల్లల మెత్తటి బ్రష్‌తో రాయి వెనకవైపు నుంచి నెమ్మదిగా రుద్దండి. జిడ్డు ఉండేది వెనకే.
4. ఫిల్టర్ నీళ్లతో కడగండి. మన బోర్ నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక తెల్ల మచ్చలు పడతాయి.
5. నూలు గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టుకోండి.

సాదా 22 క్యారెట్‌కి కుంకుడు రసం కూడా బాగా పనిచేస్తుంది, అమ్మమ్మలు చేసింది కరెక్టే. టూత్‌పేస్ట్ మాత్రం వద్దు, అందులోని పొడి బంగారాన్ని గీకుతుంది, మొదటిసారి మెరుస్తుంది, పదోసారికి మసకబారుతుంది. వంటసోడాతో రుద్దడం కూడా అంతే. చింతపండు, నిమ్మకాయ రాగి చెంబులకి వాడుకోండి.

ముత్యం, పగడం, పచ్చ, కుందన్ ఉన్నవి నానబెట్టొద్దు. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి.

వేలి కింద దురద, ఎర్రగా కావడం చాలాసార్లు బంగారంవల్ల కాదు, కింద ఇరుక్కున్న సబ్బు, తడివల్ల. ఉంగరం వదులైందని వెనక దారం చుట్టుకునేవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ, ఆ దారం ఎప్పుడూ తడిగానే ఉంటుంది. రెండు రోజులు తీసి, వేలు, ఉంగరం రెండూ కడిగి ఆరబెట్టి చూడండి. తగ్గకపోతే చర్మ డాక్టర్‌కి చూపించండి.

11. మెరుగు, రిపేరు, సైజు మార్చడం

ఆరు నెలలకోసారి కొన్న షాపుకే తీసుకెళ్లి రాళ్ల బిగింపు చూపించండి. చాలా చోట్ల డబ్బులు తీసుకోరు.

మెరుగు పెట్టిన ప్రతిసారీ కొంత బంగారం అరుగుతుంది, కాబట్టి పండగకోసారి పెట్టించకండి. ఇచ్చేముందు మిల్లీగ్రాముల దాకా తూచి చీటీ రాయించుకోండి, తీసుకునేటప్పుడు మళ్లీ తూయించండి.

ఇంటి ముందుకొచ్చి "నగలకి మెరుగు పెడతాం" అనేవాళ్లకి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వొద్దు. వాళ్ల గిన్నెలో ఉండేది నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్లు కలిపిన ద్రావకం, అది బంగారాన్ని కరిగించుకుంటుంది. మీ ఉంగరం తళతళలాడుతూ చేతికొస్తుంది, కరిగిన బంగారం వాళ్ల సీసాలో వెళ్లిపోతుంది. మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండే పెద్దవాళ్లకి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పి ఉంచండి.

సైజు మార్చేముందు:

- గట్టి సాదా పట్టీ ఒకటి రెండు సైజులు సులభంగా మారుతుంది. చుట్టూ రాళ్లున్నది, డొల్లది దాదాపు మారదు.
- పెంచేటప్పుడు సాగదీస్తారా, ముక్క వేస్తారా అడగండి. సాగదీస్తే పట్టీ పలచబడుతుంది, అర సైజుకి మించి వద్దు.
- కోసేది హాల్‌మార్క్ ఉన్నచోట కాకుండా చూడమనండి, ఇచ్చేముందు ఆ గుర్తు ఫొటో తీసుకోండి.
- వేసే ముక్క, టంకం అదే క్యారెట్‌వి కావాలి. లేకపోతే కొన్నాళ్లకి అతుకు దగ్గర గీతలా రంగు తేడా తెలుస్తుంది.

12. వేలికి ఇరుక్కుపోతే, సింకులో పడిపోతే

ఇరుక్కుంటే గుంజకండి, గుంజేకొద్దీ కణుపు వాస్తుంది. చేయి తల కన్నా పైకెత్తి కాసేపు ఉంచండి, చల్లటి నీళ్లలో పెట్టండి, తర్వాత కొబ్బరినూనో సబ్బో రాసి మెల్లగా తిప్పుతూ లాగండి. అప్పటికీ రాకపోతే సన్నటి నున్నని దారం కొస ఉంగరం కిందనుంచి అరచేతి వైపుకి దూర్చి, మిగతా దారాన్ని ఉంగరం అంచు నుంచి కణుపు దాటేదాకా వేలికి దగ్గరదగ్గరగా చుట్టండి. ఇప్పుడు అరచేతి వైపున్న కొసని పట్టుకుని వేలికొన వైపు లాగుతూ చుట్లు విప్పుతుంటే ఉంగరం వాటి మీదుగా ముందుకి జరుగుతుంది. వేలు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, దెబ్బ తగిలి వాచినా ఇవేవీ ప్రయత్నించకుండా నేరుగా హాస్పిటల్‌కి వెళ్లి కోయించేయండి. సాదా బంగారు ఉంగరాన్ని కోసినా మళ్లీ అతికించవచ్చు.

పోతే పనికొచ్చేలా బిల్లు, రాళ్ల సర్టిఫికెట్, హెచ్‌యూఐడీ ఫొటో, ఉంగరం ఫొటో ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి. పోలీస్ కంప్లయింట్ ఇవ్వాలన్నా, ఇన్సూరెన్స్ ఉంటే క్లెయిం చేయాలన్నా వీటినే అడుగుతారు.

సింకులో పడితే మొదట కుళాయి కట్టేయండి, నీళ్లు పోసి చూద్దామనుకోవద్దు. బంగారం బరువు కాబట్టి చాలాసార్లు కింద పైపు వంపులోనో, గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలాంటి భాగంలోనో ఆగి ఉంటుంది. దాని కింద బకెట్ పెట్టి, చేత్తో తిప్పి విప్పండి, రాకపోతే ప్లంబర్‌ని పిలవండి. అతను వచ్చేదాకా ఇంట్లో ఎవరూ ఆ సింకు వాడకుండా పైన ఒక పళ్లెం బోర్లించి పెట్టండి.